ముల్లూ పెన్‌డ్రైవూ: డీజే విద్యలో రెండు దారులు

డీజే పనికి మూలం రెండు టర్న్‌టేబుళ్లు, వాటి నడుమ ఒక మిక్సర్. ఒకదాని మీద పాట మోగుతుండగానే రెండోదాని మీద తర్వాతి పాట సిద్ధం చేసుకుని, ఆడేవాళ్ల అడుగు తప్పకుండా ఇందులోంచి అందులోకి దాటించాలి. 1970ల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఈ పని ఒక విద్యగా రూపు కట్టింది. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని కుర్రాడొకడు కూల్ హెర్క్ అనే పేరుతో పార్టీల్లో పాటలు వేసేవాడు. గాత్రం ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాసిని సెకన్లకే జనం ఊగిపోతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క మొదలుపెట్టి, సెకన్లను నిమిషాలుగా సాగదీశాడు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో అతని చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టి, ముక్క ఎక్కడ మొదలవుతుందో కంటితోనే పట్టే పద్ధతి తెచ్చాడు.

ఇంటి టర్న్‌టేబుల్ ఈ పనికి ఆగదు. చాలావాటిలో పళ్లేన్ని తిప్పేది రబ్బరు బెల్టు. చేత్తో పట్టి ఆపితే అది జారుతుంది, వదిలితే వేగం అందుకోవడానికి తాత్సారం చేస్తుంది. జపాన్‌కు చెందిన మత్సుషిత సంస్థ టెక్నిక్స్ పేరుతో 1972లో విడుదల చేసిన ఎస్‌ఎల్-1200లో బెల్టు లేదు, మోటారే పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది. దాన్ని తయారుచేసింది ఇంట్లో కూర్చుని పాటలు వినేవారి కోసం. సొంతం చేసుకున్నది మాత్రం డీజేలు. 1979లో వచ్చిన ఎంకే2లో వేగాన్ని ఎనిమిది శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ నిలువు మీట చేర్చారు. నేటికీ డీజే టర్న్‌టేబుల్ అంటే దాదాపు ఆ నమూనాయే.

వినైల్ రికార్డుల మీద రెండు పాటల లయ కలపడం చెవితో చేసే పని. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంటుంది. రెండో చెవి హాల్లో మోగుతున్న పాటకు. తర్వాతి రికార్డు కింద నున్నటి ఫెల్టు గుడ్డ ఉంటుంది కాబట్టి, పళ్లెం తిరుగుతున్నా రికార్డును వేలితో ఆపి ఉంచవచ్చు. మొదటి దెబ్బ దగ్గర ముల్లు నిలబెట్టి, సరైన దరువుకు వేలు తీసేస్తారు. కొద్ది సెకన్లలోనే రెండు డ్రమ్ముల మధ్య ఎడం వినిపిస్తుంది. వెనకబడిన రికార్డును లేబుల్ దగ్గర మెల్లగా ముందుకు తోస్తారు, ముందుకు పోయినదైతే పళ్లెం అంచుకు వేలు ఆనిస్తారు. అప్పుడు మీట కొంచెం సర్ది మళ్లీ వింటారు. పాట అయిపోయేలోగా ఇదంతా ముగియాలి.

అయితే వేగం మారిస్తే శ్రుతి కూడా మారుతుంది. ఆరు శాతం పెంచితే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. డిజిటల్ పరికరంలో శ్రుతిని కదలనీయకుండా వేగం ఒక్కటే మార్చవచ్చు. సంగీతపరంగా డిజిటల్ ఇచ్చిన అసలైన కానుక ఇదే.

డిజిటల్‌కు మారడం పళ్లేన్ని వదలకుండానే జరిగింది. పయనీర్ సంస్థ 2001లో తెచ్చిన సీడీజే-1000 పైన గుండ్రటి పళ్లెం ఉంటుంది. దాన్ని తాకితే సీడీలోని పాట ఆగుతుంది, వెనక్కి తిప్పితే వెనక్కి నడుస్తుంది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫైనల్ స్క్రాచ్, 2004లో న్యూజిలాండ్ సంస్థ సెరాటో తెచ్చిన స్క్రాచ్ లైవ్ ఇంకో ఉపాయం పట్టాయి. అందులో టర్న్‌టేబుల్ మీద నిజమైన వినైలే తిరుగుతుంది, కానీ దాని గాడిలో పాట ఉండదు, సంకేత ధ్వని ఒక్కటే ఉంటుంది. ముల్లు దాన్ని చదువుతుంటే రికార్డు ఎంత వేగంతో ఎటు తిరుగుతోందో కంప్యూటర్ లెక్కగట్టి, తనలోని పాటను అలాగే నడుపుతుంది. ఇక్కడ చెయ్యి వినైల్ మీదే ఉంది, పాట మాత్రం హార్డ్‌డిస్కులో ఉంది. వినైల్, డిజిటల్ పక్షాల పోరులో ఈ నడిమి దారిని తరచూ మరిచిపోతారు.

ఏది బాగా మోగుతుందన్న వాదనలో వేడి ఎక్కువ, పస తక్కువ. కొలతల్లో డిజిటల్‌దే పైచేయి. సీడీలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల ఎడం పడుతుంది. వినైల్‌లో అది 70 దాటడం కష్టం. పన్నెండు అంగుళాల రికార్డు నిమిషానికి ముప్ఫైమూడుంపావు చుట్లకు కాస్త ఎక్కువగా తిరిగేటప్పుడు అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి సాగితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే సాగుతుంది. అందుకే లోపలి పాటల్లో పై స్వరాలు నలుగుతాయి. బేస్ ఎడమ కుడి స్పీకర్లలో వేర్వేరుగా ఉంటే ముల్లు గాడిలోంచి ఎగిరిపడే ప్రమాదం ఉంది కనుక, రికార్డు కోసేటప్పుడు దాన్ని మధ్యకు తెస్తారు. వినైల్‌లో వినిపించే ఆ నిండుతనానికి కొంత కారణం ఇలాంటి జాగ్రత్తలే. ఇక నాసిరకం ఎంపీ3ని పెద్ద స్పీకర్లలో మోగించి డిజిటల్‌ను తిట్టడం న్యాయం కాదు.

మోత బరువు సంగతి చెప్పనక్కర్లేదు: రికార్డుల పెట్టె భుజం లాగేస్తుంది, పెన్‌డ్రైవ్ జేబులో పడుతుంది. రికార్డుల తయారీ కూడా సన్నని దారం మీద నడుస్తోంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయాక, రికార్డు కోతకు కావాల్సిన ల్యాకర్ పూత పళ్లేలు చేసే సంస్థ ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, అదీ జపాన్‌లో. అయినా గిరాకీ తగ్గలేదు. 2022లో అమెరికాలో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి.

డిజిటల్ వైపు అసలు చిక్కు సింక్ బటన్‌తో ఉంది. సాఫ్ట్‌వేర్ పాటలోని దెబ్బలను గుర్తించి సమాన గడులు గీస్తుంది. బటన్ నొక్కితే రెండు పాటల గడులు కలుస్తాయి. యంత్రం వాయించిన డ్రమ్ములకు ఇది చక్కగా పనిచేస్తుంది. మనుషులు కలిసి వాయించిన పాటలో లయ ఊపిరి తీసుకున్నట్టు కొద్దికొద్దిగా కదులుతుంది, గడులు తప్పుతాయి. తెలుగు ఊళ్లలో డీజే అంటే టర్న్‌టేబుల్ కాదు, ఊరేగింపు ముందు నడిచే స్పీకర్ల బండి. ఇక్కడ ఈ వృత్తి దాదాపుగా ల్యాప్‌టాప్‌తోనే పెరిగింది. వాద్యబృందం వాయించిన పాత సినిమా పాటకు తీన్‌మార్ దెబ్బ అతికించేటప్పుడు, రెండో చరణానికల్లా దరువు జారిపోవడానికి కారణం ఈ కదిలే లయే. ఎక్కడ జారిందో చెవికి తెలిస్తేనే గడిని చేత్తో సర్దగలరు.

సంపాదనకు డిజిటల్ చాలు. వినైల్ కొనలేనివారు నష్టపోయేదేమీ లేదు. సౌండ్ ఇంజనీరింగ్ పట్టాతో బయటికి అడుగుపెడుతున్నవారు డీజే పని ఎంచుకుంటే, ల్యాప్‌టాప్‌కు తగిలించే చవక కంట్రోలర్‌తో మొదలుపెట్టినా సరే, మొదటి ఏడాది సింక్ బటన్ ముట్టకుండా, తెర మీద కనిపించే తరంగాల బొమ్మను కాగితంతో కప్పి సాధన చేయాలి.