పలుకని పాటలపెట్టె

మార్కాపురం పలకమీద ఏ లిపి వ్రాసినను పలక వలదనదు. మెమరీ కార్డును అట్టిదే; చిక్కెల్ల చదువరితోనే. గిద్దలూరు, త్రిపురాంతకం ప్రాంతముల వృద్ధ భజనపరుల పాటను మనుమడు సెల్‌ఫోనులో పట్టి, కార్డున కెక్కించి, చేతి పాటలపెట్టెలో పెట్టును. పెట్టె మౌనము వహించును. పలు ఫోనులు ధ్వనిని ఎం4ఏ రూపమున దాచును. చౌక పెట్టెలలో కొన్నింటికి ఎంపీ3 తప్ప తెలియదు.

కొందరు ఫైలుపేరు చివర ఎంపీ3 అని దిద్ది ఊరకుందురు. సంచిమీద బియ్యమని వ్రాసినచో లోని జొన్నలు బియ్యమగునా? కంప్యూటరులో రూపమునే మార్పవలెను. వీఎల్‌సీ వంటి ఉచిత సాధనము చాలును.

అప్పటికిని పలుకకున్న, కార్డును చూడుడు. పాత పెట్టెలు పెక్కు ఫ్యాట్‌32 పద్ధతి కార్డులనే గుర్తించును. 64 జీబీ కార్డులు సాధారణముగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిన వచ్చును. 32 జీబీ కార్డు కొనుట సుళువు. ఉన్నదానినే ఫార్మాటు చేయదలచినచో ముందు నకలు తీయుడు, లోనిదంతయు చెరిగిపోవును.

ఒక్క మాట. ఎం4ఏలో కొంత ధ్వని ముందే పోయియుండును. ఎంపీ3గా మార్చునపుడు మరికొంత పోవును. పోయినది మరల రాదు. పాడిన తాతగారు గతించిన ఇంట ఫోనులోని మూలమే మిగిలిన గొంతు. నకలు పెట్టెకు, మూలమును చెరపక వేరొక కార్డున కూడ భద్రపరచుడు.