తోక చెప్పే పాత రికార్డు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నందిగామ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. మనవలు, మనవరాళ్ళు కూడా వచ్చారు గనుక ఏదైనా సైన్సు విషయం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, శాస్త్రజ్ఞుణ్ణి కాను. పాత రికార్డు చదవడం మాత్రం వచ్చు. ఆ ధైర్యంతోనే చేప, తిమింగలం ఈదే తీరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒక భారీ ప్రాణి చిక్కుకుపోతే, మత్స్యకారులూ అటవీశాఖవారూ కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. చాలామంది తిమింగలం అన్నారు గాని అది వేల్ షార్క్, అంటే సొరచేప. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి కొట్టుకొచ్చిన కళేబరం నిజమైన తిమింగలానిది. రెంటికీ తేడా ఎలా పోల్చాలి? తోక చూడండి. సొర తోక తలుపు రెక్కలా నిలువుగా ఉంటుంది, కుడి ఎడమలకు ఆడుతుంది. తిమింగలం తోక చాపలా అడ్డంగా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ ఆడుతుంది.

ఎందుకిలా? ఇంట్లో కొర్రమీను ముక్కలు కోసినప్పుడు గమనించండి. నడుమ వెన్నుముల్లు, దానికి అటూ ఇటూ కండ. ఒక పక్క కండ బిగిస్తే ఒళ్ళు అటు వంగుతుంది, రెండో పక్క బిగిస్తే ఇటు వంగుతుంది. తొండ నేలమీద పరిగెత్తినా అదే వరస. కాళ్ళు పక్కలకు చాచి ఉంటాయి, ఒళ్ళు మెలికలు తిరుగుతుంది. మొసలి నీళ్ళలో చేసేదీ అదే.

ఇక మున్నేటి గట్టుమీద కుక్క పరుగెత్తడం చూడండి. కాళ్ళు ఒంటి కింద ఉంటాయి. వెన్ను విల్లులా వంగుతుంది, మళ్ళీ సాగుతుంది. కృష్ణలో ఉండే నీటికుక్క ఆ వెన్నుతోనే మునిగి ఈదుతుంది. తిమింగలం పూర్వీకులు కూడా నాలుగు కాళ్ళతో నేలమీద తిరిగిన పాలిచ్చే జంతువులే. నీళ్ళలోకి దిగేటప్పుడు ఆ వెన్నునే వెంట తీసుకెళ్ళాయి. కాళ్ళు పోయినా పరుగు పోలేదన్నమాట. ప్రకృతి కొత్త ఫైలు తెరవదు, పాత ఫైలు మీదే నోటు పెడుతుంది.

ఊపిరికోసం పైకి రావాలి గనుక తోక అలా ఉందని కొందరంటారు. నాకది సరిపోయినట్టు లేదు. మొసలీ పైకొచ్చే ఊపిరి పీలుస్తుంది. ఏనాడో అంతరించిన ఇక్తియోసారు అనే సముద్ర సరీసృపమూ గాలే పీల్చేది. వాటి తోకలు పక్కలకే ఆడాయి. అన్నట్టు సీలు అనే జంతువు పాలిచ్చేదే అయినా వెనుక పాదాలను పక్కలకు ఆడిస్తూ ఈదుతుంది. మన సర్వీసు రూల్సులాగే ఇక్కడా మినహాయింపులున్నాయి!

ఈ కథకు రుజువు మన దేశంలోనే దొరికింది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు గారు జమ్మూ కాశ్మీరులోని కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించి, వాటిలోని ఒక జంతువుకు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. సుమారు 4.8 కోట్ల సంవత్సరాల నాటిది, పిల్లికి కాస్త పెద్దది. ఆయన గతించేనాటికి ఇంకా పగలగొట్టని రాళ్ళు చాలా మిగిలాయి. భార్య వాటిని భద్రంగా దాచారు. రికార్డు రూములో బతికినవాణ్ణి, ఆ దాచడం విలువ నాకు తెలుసు. తరువాత ఆ రాళ్ళు అమెరికాలో పనిచేసే హాన్స్ థెవిసెన్ గారికి చేరాయి. శుభ్రం చేస్తుండగా పొరపాటున ఒక చెవి ఎముక విరిగింది. చూస్తే లోపలి గోడ దళసరిగా ఉంది. అటువంటి చెవి ఎముక తిమింగలాల వంశానికి గుర్తు. కాళ్ళ ఎముకలు కూడా నీటిగుర్రానికి ఉన్నట్టు బరువైనవి, నీళ్ళలో నడవడానికి పనికొచ్చేవి. 2007 డిసెంబరులో ఈ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది. ఇండోహయస్ తిమింగలానికి తాత కాదు, తాతకు దాయాది.

పిల్లల తాతయ్యలకు, అమ్మమ్మలకు ఒక మాట. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేశారు. ఆ పుస్తకం చదివి, ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకునే పిల్లవాడు ఇక ఈ కథ బడిలో వినడు. నాకది బాధగా ఉంది. పుస్తకంలో లేకపోతే ఇంట్లో చెప్పండి. చేపల బజారుకు వెంటబెట్టుకు వెళ్ళి తోక చూపించండి, కుక్క పరుగు చూపించండి. ఖర్చులేని పని.

ఇంకొక్క ముక్క. తిమింగలానికి వెనుక కాళ్ళు లేవు గాని, ఒంట్లో లోపల తుంటి ఎముకలు చిన్నవి రెండు ఇప్పటికీ ఉన్నాయి. వెన్నెముకకు అతుక్కోకుండా విడిగా ఉంటాయి. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం.