కాగితపు జట్టులలో తాలు గింజలు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మొదట మీకు వింతగా తోచవచ్చును. అమెరికా దేశమున ఫాంటసీ ఫుట్‌బాల్ అను నొక వినోదము కలదు. ఏటేట లక్షలాది జనులు అందు మునిగి తేలుచుందురు. ఆ వినోదమున ఎక్కువ ఆశపెట్టి ఎక్కువ నష్టపెట్టిన ఆటగాండ్ర కథలను అక్కడివారు ఏండ్ల తరబడి చెప్పుకొందురు. అట్టి ఆటగానిని వారు ‘బస్ట్’ అందురు. మన మాటలో చెప్పవలయునన్న ‘తాలు’ అనవచ్చును. వెన్ను చూచుటకు నిండుగా నుండును. తూర్పారబట్టినప్పుడు గింజ యుండదు. నేనును ఒకమాఱు ఆ యాటలో దిగి నష్టపడితిని. ఆ తాలు నిజముగా ఎక్కడ నున్నదో అప్పటినుండి ఆలోచించుచున్నాను.

ముందుగా ఆ ఫుట్‌బాల్ ఎట్టిదో చెప్పవలయును. అది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. బంతి రెండు కొసలు సన్నగా, కోడిగ్రుడ్డును సాగదీసినట్లుండును. ఒక్కొక్క వైపున 11 మంది నిలుతురు. బంతిని చంకనిడుకొని పరుగెత్తియో, తమవానికి విసరియో ఎదుటివారి గట్టు దాటింపవలయును. దాటించుటను టచ్‌డౌన్ అందురు. విసరువాడు క్వార్టర్‌బ్యాక్. చంకనిడుకొని ఎదుటి గుంపులోనికి దూఱువాడు రన్నింగ్ బ్యాక్. 100 కిలోలు, 150 కిలోలు తూగు దేహములు నలువైపుల నుండి వచ్చి ఈతని మీద పడును. ఈతడు లేచి, మరల బంతి పుచ్చుకొని, మరల దూఱును. ఒక్క ఆటలో ఇరువదిమాఱులు, ఇరువదియైదుమాఱులు ఇట్లు జరుగుట కలదు.

ఇక కాగితపు ఆట. పదిమందియో పన్నిద్దఱో మిత్రులు ఆగష్టు నెలలో ఒకచోట కూర్చుండి, నిజమైన ఆటగాండ్ర పేర్లను వంతులవారీగా తమ తమ జట్టులకు వ్రాసికొందురు. ఒకరు పలికిన పేరు మఱియొకరికి దక్కదు. సెప్టెంబరులో నిజమైన ఆటలు మొదలగును. మైదానములో ఆ యాటగాడు 10 గజములు పరుగెత్తిన మీకొక పాయింటు, గట్టు దాటిన 6 పాయింట్లు వచ్చును. సాధారణముగా లెక్క యిట్లుండును. ఇది జూదము కాదా యని మీరడుగవచ్చును. సొమ్ము పెట్టువారికి జూదమే; మా అబ్బాయి మిత్రులు మాత్రము కడపటివాడు అందఱికి విందు చేయవలయునను నియమముతో సరిపెట్టుకొనిరి.

ఈ వినోదము పుట్టినది 1962లో. కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఓక్లండ్ నగరపు రైడర్స్ జట్టు ఆ యేడు 14 ఆటలలో 13 ఓడెను. ఆ జట్టులో కొంత వాటా గల బిల్ వింకెన్‌బాక్ అను పెద్దమనిషియు, జట్టు ప్రచారోద్యోగి బిల్ టనెల్, ఓక్లండ్ ట్రిబ్యూన్ పత్రికా విలేఖరి స్కాటీ స్టర్లింగ్ అనువారును న్యూయార్కు నగరమున ఒక హోటలు గదిలో కూర్చుండి దీనికి నియమములు ఏర్పఱచిరి. నిజమైన జట్టు ఓడుచుండగా కాగితము మీదనైనను గెలుపు చూతమని కాబోలు! మరుసటి యేడు ఆగష్టులో వింకెన్‌బాక్ ఇంట ఎనిమిది జట్టుల తొలి పంపకము జరిగెను.

మా కుమారుడు టెక్సస్ రాష్ట్రమున డాలస్ నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ చుట్టుపట్ల మన తెలుగువారు చాలమంది గలరు. కొన్ని యేండ్ల క్రిందట నేనక్కడికి పోయి ఆఱునెలలు ఉంటిని. పంపకమునకు ముందునాడు వారి మిత్రులలో ఒకడు రాలేకపోగా, “నాన్నగారూ, ఆ వంతు మీరు తీసికొనండి” అని మా అబ్బాయి నన్ను కూర్చుండబెట్టెను. చీటీ తీయగా మొదటి వంతు నాకే వచ్చినది. నేను ముప్పదియేండ్లు బడిలో లెక్కలు చెప్పినవాడను. అంతకుముందటి యేటి అంకెల పట్టిక తెమ్మంటిని. అన్నిటికంటె పెద్ద అంకె ఎవని కెదురుగా నున్నదో వాని పేరు పలికితిని. అందఱును తలలూపిరి. అతని పేరిక్కడ చెప్పను. రెండవ వారముననే అతడు మోకాలు పట్టుకొని నేల కూలెను.

నేను టెలివిజను ముందు కూర్చుండి “వీడు నన్ను ముంచినాడు” అంటిని. మా కోడలు ఆస్పత్రిలో కీళ్ల రోగులచేత వ్యాయామము చేయించు పని చేయును. వంటయింటి నుండి వచ్చి చూచి, “మామయ్యగారూ, ఆ మోకాలు అతనిది గదండీ! అతడు మరల పరుగెత్తుటకు తొమ్మిది నెలలైనను పట్టును” అనినది. అంతకంటె ఒక్క మాట అనలేదు. నాకు ఆ రాత్రి అన్నము సహింపలేదు.

తరువాత దినములలో ఆ పాత కథలన్నియు మా అబ్బాయిచేత చెప్పించుకొంటిని. వానిలో నన్ను మిక్కిలి కదలించినది టెరెల్ డేవిస్ కథ. ఇతడు డెన్వరు జట్టువాడు. 1998లో 392 మాఱులు బంతి మోసి, 2008 గజములు పరుగెత్తి, 21 మాఱులు గట్టు దాటెను. ఆ యేటి మేటి యాటగాడని బిరుదు నిచ్చిరి. 1999లో కాగితపు జట్టులవారు తొలి పేర్లలో ఇతనిని ఎంచుకొనుటలో వింత యేమున్నది? నాలుగవ ఆటలో డెన్వరువారు విసరిన బంతి ఎదుటివాని చేతిలో పడెను. వానిని ఆపుటకు డేవిస్ పరుగెత్తెను. బంతి మోయుటయే గాని మనుష్యులను పడగొట్టుట ఇతని పని కాదు. అయినను పరుగెత్తెను. కుడి మోకాటి కీలుకట్టులు తెగెను. ఆ యేడు అతని గజములు మొత్తము 211. పిదప రెండేండ్లలో 13 ఆటలు మాత్రమే ఆడగలిగి, 2002లో విరమించెను. కాగితపు జట్టుల చరిత్రలో ఇతని 1999వ సంవత్సరమును పెద్ద తాలుగా లెక్కింతురు. తన పని కాని పనికై మోకాలు పోగొట్టుకొన్నవాడు తాలు గింజ యెట్లగునో నాకు తెలియదు. 2017లో ఆ క్రీడవారు తమ కీర్తిమందిరమున ఇతనికి స్థానమిచ్చిరి.

అదే 1999లో అట్లాంటా జట్టువాడైన జమాల్ ఆండర్సన్‌కును ఇదే గతి పట్టినది. అంతకుముందటి యేడు అతడు 410 మాఱులు బంతి మోసెను. అప్పటి వఱకు ఏ యొక్క యేటను ఎవ్వడును అన్నిమాఱులు మోయలేదు. రెండవ ఆటలోనే మోకాలు పోయెను.

ఆ 410 అను అంకెను చూచినప్పుడు నాకు మా పెదనాన్నగారి మామిడి తోటల బేరములు జ్ఞప్తికి వచ్చినవి. ఆయన ఏటేట పూత మీదనే తోటలు కొనెడివారు. కిందటి యేడు కొమ్మలు విఱుగునట్లు కాచిన తోటనే వెదకి, ఎక్కువ ధరయిచ్చి మరీ కొనెడివారు. విరగకాచిన మామిడి మరుసటి యేడు తఱచు అలసియుండును. ఆ సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. ఆయనకును తెలియును. అయినను నిండిన గంపలు కన్నులయెదుట నుండగా ఆయన బుద్ధి వేఱొకవైపు పోయెడిది కాదు.

మఱి రెండు కథలు. సియాటిల్ జట్టువాడు షాన్ అలెగ్జాండర్ 2005లో 370 మాఱులు మోసి 1880 గజములు పరుగెత్తి, మొత్తము 28 మాఱులు గట్టు దాటెను. అది నాటికి ఎవ్వరును చేయని పని. 2006లో పాదపుటెముక చిట్లి ఆఱు ఆటలు తప్పిపోయెను. గజములు 896, పరుగుతో గట్టు దాటినది 7 మాఱులు. ఇక కాన్సస్ సిటీ జట్టువాడు లారీ జాన్సన్. 2006లో ఇతడు 416 మాఱులు మోసి ఆండర్సన్ లెక్కను మించెను, 1789 గజములు. 2007లో జీతము విషయమున జట్టుతో కొన్నాళ్లు పెనగులాడి, పెద్ద ఒప్పందము పుచ్చుకొని వచ్చి, పాదము దెబ్బతినగా ఎనిమిది ఆటలతో సరిపెట్టెను, 559 గజములు. ఆ యేడు మొదటి వంతులలో ఇతని పేరు పలికినవారు నేటికిని నిట్టూర్తురు. కాని పట్టికలో 416 అను అంకె అందఱికి కనబడుచునే యుండెను. దానిని వారు బలమునకు గుర్తుగా చదివికొనిరి.

అలసట ఒక్కటే కారణమని నేను ప్రమాణము చేయను. ఎరిక్ డికర్సన్ అను నతడు 1983లో 390 మాఱులు మోసెను. మరుసటి యేడు కూలిపోలేదు సరిగదా, 2105 గజములు పరుగెత్తి రికార్డు నెలకొల్పెను. ఒక యేడు అన్నియు కలిసివచ్చినవానికి మరుసటి యేడు అంత కలిసిరాకపోవుట కూడ లోకసహజము. ఒక్కొక్కప్పుడు ఏ లెక్కయు పనికిరాదు. న్యూ ఇంగ్లండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2007లో 50 టచ్‌డౌన్లకు బంతి విసరెను. 2008 సెప్టెంబరు 7వ తేదిన తొలి యాటలో, నాలుగింట మొదటి భాగము ముగియక పూర్వమే మోకాటికి దెబ్బ తగిలి ఆ యేడంతయు పోయెను. దీనిని ముందుగా ఎవరు చెప్పగలరు?

మైదానమునకే రానివారు కొందఱు గలరు. మయామీ జట్టువాడు రికీ విలియమ్స్ 2002లో 383 మాఱులు, 2003లో 392 మాఱులు బంతి మోసెను. 2004లో, సాధన శిబిరము మొదలగుటకు ముందు, ఇక ఆడనని వెడలిపోయెను. ఆ మఱుసటి యేడు మరల వచ్చెననుకొనుడు. పిట్స్‌బర్గ్ జట్టువాడు లెవియాన్ బెల్ 2018లో ఒక్క యేటికి ఒప్పందము వ్రాయమనగా వ్రాయలేదు. దీర్ఘకాలపు హామీ కావలెననెను. సుమారు 1 కోటి 45 లక్షల డాలర్లు వదలుకొని సంవత్సరమంతయు ఇంట కూర్చుండెను. అతనిని నమ్ముకొన్న కాగితపు యజమానులు అతనిని తిట్టని తిట్టు లేదు. అతని స్థానమున ఆడిన జేమ్స్ కానర్ అను యువకుడు అంతకు కొలదియేండ్ల ముందు కాన్సరు వ్యాధితో పోరాడి బయటపడినవాడు. ఆ యేడు 12 మాఱులు పరుగుతో గట్టు దాటెను. పంపకములో అతని పేరు చివర వంతులలో చౌకగా దొరికినదట.

2019 ఆగష్టు 24వ తేది సంగతి వినినప్పుడు నేను చాలసేపు మాటాడలేకపోతిని. ఇండియనాపొలిస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌కు అప్పుడు 29 ఏండ్లు. దెబ్బ తగులుట, నొప్పి, చికిత్స, మరల దెబ్బ. ఈ చక్రము ఇక చాలునని విరమింప నిశ్చయించెను. తానుగా చెప్పుటకు ముందే, ఆట జరుగుచుండగా వార్త పొక్కినది. అతడు మైదానము విడిచి లోపలికి పోవుచుండగా సొంత ఊరి ప్రేక్షకులే కొందఱు వెక్కిరింపు కేకలు వేసిరి. వారిలో ఎందఱి కాగితపు జట్టులలో అతని పేరుండెనో!

అరియన్ ఫాస్టర్ అను హ్యూస్టన్ జట్టువాడు 2011లో తొడ నరము పట్టి బాధపడుచుండగా, తన క్షేమమడిగినవారికి బాగుగ నున్నానని చెప్పి, తమ కాగితపు జట్టు ఏమగునో యని అడిగినవారిని మాత్రము మీకు మనస్సులో జబ్బున్నదని అందఱు చూచునట్లు వ్రాసెను. కఠినమైన మాటయే. అది చదివినప్పుడు టెలివిజను ముందు నేననిన మాట నా చెవిలో మ్రోగినది.

నేను స్వదేశమునకు వచ్చిన పిదప కూడ ఆ మిత్రులు నా వంతు తీసివేయలేదు. ఆగష్టులో మా అబ్బాయి ఫోనులో పేర్లు చదువును. ఒక్కొక్కడు కిందటి యేడు ఎన్నిమాఱులు బంతి మోసెనో నేనడుగుదును. ఆ లెక్క పెద్దదిగా నున్న ఆ పేరు మఱియొకరికి వదలుదును. “నాన్నగారూ, మీరు ఎడ్ల సంతలో పండ్లు చూచినట్లు చూచుచున్నారు” అని వాడు నవ్వును. అక్కడి ఆదివారపు ఆటల ఫలితములు మనకు సోమవారము ఉదయమునకు తెలియును. మా అబ్బాయి ఫోను చేసినప్పుడు మనవారెవరైనను పడిపోయిరా యని మొదట అడుగుదును. పాయింట్ల మాట తరువాత. కిందటి యేడు పదిమందిలో నాకు నాలుగవ స్థానము వచ్చినది.