ఏ మూలన నిలబడాలి?



మన దగ్గర టిక్కెట్టు ఎవరికో పార్టీ పెద్దలు తేలుస్తారు. అమెరికాలో ఆ మాట పార్టీ జనాన్నే అడుగుతారు. అక్కడ అయోవా అనే రాష్ట్రం ఉంది. 2008 జనవరి 3 రాత్రి, చలిలో, డెమొక్రటిక్ పార్టీ వాళ్లు బడుల్లో, చర్చిల్లో కూడారు. దేశాధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలి?

ఒబామాకు ఒక మూల. హిల్లరీ క్లింటన్‌కు ఒక మూల. ఎడ్వర్డ్స్‌కు ఇంకో మూల. నచ్చిన మూలకు పోయి నిలబడ్డారు. తలలు లెక్కపెట్టారు. చిన్న గుంపు వాళ్లను "మా వైపు రండి" అని ఇరుగుపొరుగు పిలిచారు.

ఆడవాళ్లకు పెద్ద చిక్కే వచ్చింది. హిల్లరీ మనలాంటి ఆడమనిషి. అనుభవం ఉంది. కానీ 2002లో, వాళ్ల పెద్దల సభలో, ఇరాక్ మీద యుద్ధానికి ఒప్పుకుంటూ ఓటు వేశారు. ఒబామా ఆ యుద్ధం వద్దన్నారు. అయితే అప్పుడాయన ఆ సభలో లేరు. బయట ఉండి వద్దనడం కొంచెం తేలికే కదా! ఏది ఎక్కువ తూగుతుంది?

ఆ రాత్రి ఒబామా గెలిచారు. హిల్లరీ మూడో స్థానం. అయిదు రోజులకే న్యూహాంప్‌షైర్‌లో హిల్లరీ గెలిచారు. జూన్ దాకా పోటీ నడిచి, ఒబామా మిగిలారు.

అప్పట్లో అక్కడ మొగుడు ఒక మూల, పెళ్లాం ఒక మూల, అందరి ఎదుటా నిలబడే వీలుండేది. మనం ఓటు చాటుగానే వేస్తాం. అయినా నేను మొదటిసారి మా నాన్న చెప్పిన గుర్తుకే వేశాను.