సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు
(సోలాపూర్‌లో సరకు వాహనాల డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్కును కాను. పురపాలక సంస్థలో అనువాదకుల కొలువు నాది. మరాఠీ కాగితాన్ని తెలుగులోకి, తెలుగు మాటను మరాఠీలోకి మార్చడం నా పని. అటువంటి వ్యక్తి డీజిల్ ఫిల్టరును గూర్చి మాట్లాడడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. నేను చేసిన ఒక పొరపాటు అందుకు కారణం. దానితోనే మొదలుపెడతాను.

ఒక వర్షాకాలంలో మన తెలుగు డ్రైవరు ఒకరు తన వాంగ్మూలాన్ని మరాఠీలో రాసిపెట్టమని నా వద్దకు వచ్చారు. ఆయన ఒక గుత్తేదారు వద్ద టిప్పరు నడిపేవారు. బండి ఉదయం లేవలేదు. బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మోటారు విప్పించారు, ఫలితం లేదు. చివరికి ఫిల్టరు అడుగున నీళ్ళు కనిపించాయి. "డీజిల్లో నీళ్లు కలిసినయి" అని ఆయన చెప్పారు. నేను "డిజెల్‌మధ్యే పాణీ మిసళ్‌లే" అని రాశాను. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. కాని ఆ మరాఠీ వాక్యాన్ని నీళ్ళు కలిశాయని చదువుకోవచ్చు, కలిపారనీ చదువుకోవచ్చు. యజమాని రెండవ విధంగా చదివారు. డీజిలు అమ్ముకొని, లోటు తెలియకుండా నీళ్ళు పోశారన్న అభియోగంతో నోటీసు వచ్చింది. ఆయనకు తొమ్మిది రోజులు పని లేకపోయింది.

బండి కష్టం బండితో పోదు, మనిషి మీదికి వస్తుందని ఆనాడు తెలిసింది. తరువాత మెకానిక్కుల దగ్గర కూర్చొని, వారు చెప్పినది తెలుగులో రాసుకొని, వారికే చదివి వినిపించి సరిచూసుకున్నాను. ఈనాడు మీకు చెప్పబోయేది అదే.

ముందు నాలుగు జాగ్రత్తలు. బండి చదునైన చోట ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రానికి దిమ్మ పెట్టాలి. బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండరాదు. విప్పబోయే భాగం చుట్టూ ఉన్న మట్టిని ముందే గుడ్డతో తుడవాలి. లోపలికి పోయిన ఇసుక రేణువు పంపును, ఇంజెక్టర్లను గీసివేస్తుంది.

ఇక పరీక్ష. మొదటి ప్రశ్న: తాళంచెవి తిప్పినప్పుడు సెల్ఫ్ ఎలా తిరుగుతున్నది? అసలు తిరగకపోయినా, నీరసంగా మూలిగినా, బ్యాటరీని, దాని టెర్మినళ్ళను, సెల్ఫ్ మోటారును చూడాలి. సెల్ఫ్ చురుకుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే, అప్పుడు డీజిలు దారిని అనుమానించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పది, పదిహేను సెకన్లకు మించకూడదు. మళ్ళీ ప్రయత్నించే ముందు ఒక నిమిషమైనా విరామం ఇవ్వాలి. లేకపోతే ఉన్న రోగానికి తోడు బ్యాటరీ దిగిపోయి, మోటారు కాలిపోతుంది.

రెండవ ప్రశ్న: సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ సైలెన్సరు నుంచి ఏమి వస్తున్నది? క్లీనరును వెనుక నిలబెట్టి చూడమనండి. పొగ ఏమాత్రం లేకపోతే డీజిలు ఇంజనులోకి చేరడం లేదు. తెల్లని పొగ వస్తుంటే డీజిలు చేరుతున్నది గాని సరిగా మండడం లేదు. అందుకు డీజిలులో నీరు ఒక కారణం కావచ్చు, ఇంజను లోపలి లోపమూ కావచ్చు. ఈ ఒక్క గమనిక మెకానిక్కుకు చెప్పగలిగితే సగం వెతుకులాట తప్పుతుంది.

మూడవ ప్రశ్న వింటే నవ్వు వస్తుంది: ట్యాంకులో డీజిలు ఉన్నదా? మీటరు ముల్లు సగం చూపినంత మాత్రాన నమ్మరాదు. ట్యాంకులోని తేలుడు బిళ్ళ ఇరుక్కుంటే, ఖాళీ ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది. శుభ్రమైన కర్రతో కొలిచి చూడండి. వాలులో నిలిపిన బండిలో డీజిలు ఒక పక్కకు చేరి గొట్టం మూతికి అందకపోవడం కూడా ఉంది. పాత బండ్లలో ఇంజను ఆపే కేబులు లాగిన చోటనే ఇరుక్కున్నదేమో చూడాలి. తాళంతోనే ఆగే బండ్లలో డీజిలును మూసే సోలెనాయిడ్‌కు కరెంటు అందుతున్నదో లేదో, ఫ్యూజు బాగున్నదో లేదో చూసుకోవాలి.

ఇక నీటి సంగతి. నీరు డీజిలుకన్న బరువైనది. కనుక అడుగుకు చేరుతుంది. ఫిల్టరు దగ్గర నీటిని వేరుచేసే గిన్నె, దాని కింద చిన్న మర ఉంటాయి. బండి రాత్రంతా కదలకుండా నిలిచిన తరువాత, సెల్ఫ్ కొట్టకముందే, పారదర్శకమైన సీసా పట్టి ఆ మరను కొద్దిగా వదలండి. పట్టినది కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగున గీత గీసినట్టు విడిగా నిలుస్తుంది. శుభ్రమైన డీజిలు వచ్చేవరకు వదలి, మర బిగించాలి. ఆ మురికిని కాలువలో పోయకండి. ఆ సీసాను పారవేయకండి కూడా. ఎందుకో చివర చెబుతాను.

నీరు లేదు, డీజిలు ఉన్నది, అయినా అందడం లేదంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. ఇది హఠాత్తుగా వచ్చే జబ్బు కాదు. బరువుతో మెరక ఎక్కేటప్పుడు బండి గుంజుకోకపోవడం, వేగం అందుకోకపోవడం, కొంత దూరం పోయి ఊపిరాడనట్టు ఆగిపోవడం దీనికి ముందు కనిపించే లక్షణాలు. ఫిల్టరును బండి పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. దులిపి, కడిగి మళ్ళీ బిగిస్తే రంధ్రం పడిన కాగితం గుండా మురికి నేరుగా ఇంజెక్టర్లకు పోతుంది. ఫిల్టరు ధర కన్న ఇంజెక్టరు ధర ఎన్ని రెట్లో మీకు నేను చెప్పనక్కరలేదు.

అన్నిటికన్న మాయదారిది గాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు డీజిలు నెట్టబడదు, పీల్చబడుతుంది. ఆ దారిలో గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుచేత ఎక్కడా తడి కనిపించదు. తడి లేదు కనుక లీకు లేదని మనం పొరబడతాం. సాయంత్రం బాగా నడిచిన బండి ఉదయం మొరాయించడానికి తరచుగా ఇదే కారణం: రాత్రికి గాలి జొరబడి డీజిలు ట్యాంకులోకి వెనుదిరుగుతుంది. రబ్బరు గొట్టాల పగుళ్ళు, క్లిప్పులు, రాగి వాషర్లు, ఫిల్టరు కింది రబ్బరు చుట్టు ఒక్కొక్కటిగా చూడాలి.

ట్యాంకు మూతను కూడా మరువకండి. డీజిలు తగ్గినకొద్దీ ఆ స్థానంలోకి గాలి పోవడానికి సన్నని దారి ఉండాలి. చిందకుండా ఉండాలని కొందరు మూత కింద పాలిథీన్ కాగితం బిగిస్తారు. దానితో ఆ దారి మూసుకుపోతుంది. మూత వదులు చేసినప్పుడు బుస్సుమని చప్పుడు వచ్చి, ఆ తరువాత బండి లేస్తే దోషం మూతదే.

గాలిని తీసే పద్ధతి బండి తరాన్ని బట్టి ఉంటుంది. మెకానికల్ పంపు ఉన్న పాత బండిలో, ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేసి, చుట్టూ గుడ్డ పట్టి, చేతి ప్రైమరును కొట్టాలి. మొదట నురుగు వస్తుంది, తరువాత బుడగలు, ఆ తరువాత బుడగ లేని డీజిలు. అది కారుతుండగానే స్క్రూ బిగించాలి. పంపు మీద అటువంటి స్క్రూ ఉంటే దానిని కూడా అదే వరుసలో చేయాలి. చిందిన డీజిలు తుడిచిన తరువాతనే సెల్ఫ్ కొట్టాలి.

కొత్త బండిలో ఈ చేతివాటం పనికిరాదు. దేశమంతటా బి.ఎస్. 6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ తరం డీజిలు బండ్లలో సాధారణంగా కామన్ రైల్ పద్ధతి ఉంటుంది. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్. కామన్ రైల్ ఇనుప గొట్టాలలో ఒత్తిడి అనేక బండ్లలో 1,600 బార్ వరకు, అంతకు మించి కూడా ఉంటుంది. అంటే టైరుకు రెండు వందల రెట్లు. ఆ గొట్టాన్ని పానాతో వదులు చేసినా, లీకును వేలితో తడిమినా, సూదిలాంటి ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కగా మాత్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువగానే ఉండవచ్చు. లోపల మాత్రం కండ చెడుతుంది, వేలో చెయ్యో పోతుంది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, డీజిలు ఒత్తిడితో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. ఈ బండ్లలో ఫిల్టరు దగ్గరి చేతి పంపును నొక్కడం, ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం కొంతసేపు ఆన్ చేసి ఉంచడం వరకే మన పని. అదీ బండి పుస్తకంలో చెప్పిన మేరకే. మిగిలినది మెకానిక్కుకు వదలండి.

చేయరాని పనులు కొన్ని ఉన్నాయి. గొట్టం నోట పెట్టి డీజిలు పీల్చకండి. ఆ పని తరచుగా చిన్నవయసు క్లీనరుకే అప్పగిస్తాం. ఒక్క గుక్క పొరబోయి ఊపిరితిత్తుల్లో పడితే ప్రాణాపాయం. మింగినవారిని బలవంతంగా వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గాలి ఫిల్టరు దారిలో పెట్రోలు గాని, స్ప్రేలు గాని కొట్టకండి. ట్యాంకు కింద మంట పెట్టకండి. ఇంజను లేవని బండిని వాలులో వదలకండి. ఇంజను నడవకపోతే బ్రేకుకు, స్టీరింగుకు దన్ను ఉండదు. డీజిలు ట్యాంకులో పొరపాటున పెట్రోలో, డి.ఇ.ఎఫ్. ద్రవమో పోస్తే తాళం తిప్పనే వద్దు. ట్యాంకు ఖాళీ చేయించేవరకు బండి అక్కడే ఉండాలి.

65వ జాతీయ రహదారి మీద హైదరాబాదు వైపు సరకు వేసుకొని పోయే మీలో ఎవరికైనా దారిలో బండి ఆగిపోతే, వీలైనంత పక్కకు తీసి, హెచ్చరిక దీపాలు వేసి, వెనుక త్రికోణపు గుర్తు పెట్టి, 1033కు ఫోను చేయండి. జాతీయ రహదారుల మీద సహాయానికి ఆ సంఖ్య. ప్రాణాపాయం ఉంటే 112.

డీజిలు పోయించుకునేటప్పుడు కొన్ని హక్కులు మీకున్నాయి. బిల్లు అడగండి. కొలత మీద సందేహం ఉంటే ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమనండి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు, అంతకు మించితే ఫిర్యాదు చేయవచ్చు. డీజిలు సాంద్రతను కూడా పరీక్షించి చూపమని కోరవచ్చు.

ఇక మొదటి కథ ముగింపు. ఆ డ్రైవరు ఫిల్టరు నుంచి వదిలిన డీజిలును పారేయక, సీసాలో పట్టి మూత బిగించి ఇంట్లో ఉంచారు. ఆ సీసా, నీటి గీతతో సహా, అందరి ముందుకూ వచ్చింది. నీళ్ళు ఎక్కడివని వెతికితే ఆ యార్డులోని డ్రమ్ము దగ్గరికి దారి తీసింది. నిట్టనిలువుగా ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము అది. దాని నెత్తిన వాననీరు నిలిచేది. పగటి ఎండకు వేడెక్కిన డ్రమ్ము వానకు, రాత్రికి చల్లబడినప్పుడు లోపల కొంత వెలితి ఏర్పడి, బిరడా సందు నుంచి ఆ నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళు ఎవరూ కలపలేదు. వాన కలిపింది. డ్రమ్మును నీడలో, పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో అడ్డంగా ఉండేటట్టు ఉంచితే ఈ బాధ ఉండదు.

వాంగ్మూలాన్ని నేను తిరిగి రాశాను. "డిజెల్‌మధ్యే పాణీ ఆఢళ్‌లే" అన్నాను. అంటే డీజిలులో నీరు కనిపించింది. కనుగొన్నవాడిని చెప్పే మాట అది, చేసినవాడిని చెప్పే మాట కాదు. నోటీసు వెనక్కి వచ్చింది. పోయిన తొమ్మిది రోజుల కూలి మాత్రం రాలేదు. అందులో నా వాటా నాకు తెలుసు.

కనుక సోదరులారా, బండి లేవని ఉదయం అయిదు సంగతులు కాగితం మీద రాసి ఉంచండి: సెల్ఫ్ ఎలా తిరిగింది, పొగ ఏ రంగున వచ్చింది, డీజిలు చివరిసారి ఎప్పుడు, ఎక్కడ పోశారు, ఫిల్టరు ఎప్పుడు మార్చారు, అడుగు నుంచి ఏమి వచ్చింది. తెలుగులోనే రాయండి. మరాఠీ చేసే పని మాది. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాం. ఈసారి అడగకుండా రాయం.