వైఫై పెట్టె ఎక్కడ పెట్టాలి?



పోయిన వేసవిలో మా అమ్మాయికి బెంగుళూరు కంపెనీ ఒకటి ఫోన్లోనే ఇంటర్వ్యూ పెట్టింది. పుట్టపర్తిలో మాది పాతకాలపు రాతిగోడల మిద్దె. వైఫై పెట్టె పడసాలలో, టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన వుండేది. పడసాలంటే వచ్చేపోయేవాళ్ల చోటు కదా! పిల్ల లోపలి గదిలో కూర్చుంది. మూడో ప్రశ్నకే బొమ్మ నిలిచిపోయింది, మాట తెగిపోయింది. మళ్లీ కబురు రాలేదు.

"ఇంకా పెద్ద ప్లాను తీసుకుందాం" అన్నారు మావారు. మా అన్న కొడుకు వచ్చి చూసి, "అత్తా, తప్పు ప్లానుది కాదు, పెట్టె పెట్టిన చోటుది" అన్నాడు. పెట్టె పక్కన నిలబడితే ఫోన్లో వేగం బాగానే వుంది, లోపలి గదిలో పడిపోతోంది. మీరూ ఈ పరీక్ష చేసి చూడండి. పెట్టె పక్కన కూడా మందంగా వుంటే లోపం లైనులోనో, పెట్టెలోనో, ప్లానులోనో వుందన్నమాట. పక్కన బాగుండి దూరాన పడిపోతే మాత్రం, సరిచేసుకోవలసింది మనమే.

వైఫై అంటే రేడియో తరంగాలే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్‌గారు ఇటువంటి తరంగాలను పంపి, మధ్యలో గోడలున్నా అవతల గంట మోగించి చూపించారు. గోడలు దాటుతాయి నిజమే, కాని దాటిన కొద్దీ నీరసిస్తాయి. రాయి, కాంక్రీటు చాలా బలం తినేస్తాయి. ఇనుము వెనక్కి తిప్పికొడుతుంది. నీళ్లు పీల్చేస్తాయి. అందుచేత బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము, పెద్ద అద్దం దగ్గర పెట్టె వుండకూడదు. మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక దానికీ దూరమే.

ఇంటి నడుమ, తలుపులకు ఎదురుగా, మనిషి ఎత్తున గోడకు పెట్టించండి. అల్లిక గుడ్డ కప్పకండి, వేడెక్కుతుంది. లోపలికి వచ్చే ఫైబరు తీగ గాజుది. మనమే లాగితే, మడిస్తే విరుగుతుంది. తెలిసినవాళ్లచేత జరిపించాలి. పైకి కనబడే యాంటెన్నాలుంటే నిలువుగా నిలపండి. నిలబెట్టిన యాంటెన్నా చుట్టూ తరంగాలు గారె ఆకారంలో పక్కలకు పరుచుకుంటాయి. సరిగ్గా పైకీ కిందికీ తక్కువ. మేడ మీద గది వుంటే ఒక యాంటెన్నాను పడుకోబెట్టి చూడండి.

చాలా పెట్టెల్లో రెండు దారులుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 వేగం తక్కువ, కాని దూరం పోతుంది. పెట్టె వున్న గదిలో 5, గోడ అవతల 2.4 వాడుకోవడం మేలు.

ఇంత చేసినా అందకపోతే ఎక్స్‌టెండరు అమ్ముతారు. దాన్ని అందని గదిలో పెట్టి, "డబ్బు దండగ" అనేవారున్నారు. తనకే వినబడనివాడు ఇంకొకరికి మాట ఏం అందిస్తాడండీ? సగం దారిలో, ఇంకా బాగా అందే చోట పెట్టాలి. అయినా వేగం కొంత తగ్గుతుంది. మందపాటి రాతిగోడలుంటే తీగ లాగి లోపల రెండో పెట్టె పెట్టుకోవడమే గట్టి పద్ధతి.

మా పెట్టె ఇప్పుడు నడిమింట్లోకి వచ్చింది. రెండో ఇంటర్వ్యూ అమ్మాయి తలుపేసుకుని, లోపలి గదిలోనే, తెగకుండా ముగించింది. ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా ఈసారి గోడను నిందించనక్కర లేదు.

మనం ప్లాను ఎంతదని అడుగుతాం గాని, ఇంట్లో ఎవరికి అందుతోందని అడగం. చదువుకునే పిల్ల, దూరాన వున్న కొడుకు ముఖం చూసుకునే అవ్వ ఎక్కువగా లోపలి గదుల్లోనే వుంటారు. ఈ సాయంత్రం ఫోను పట్టుకుని గది గదికీ ఒకసారి తిరిగి చూడండి. సెలవు.