జీతము లేని కాపుదల

నేడు పెక్కు ఇండ్లలో రేడియో సరసన కంప్యూటరు కూడ చోటు చేసికొన్నది. దానిని నడిపించు సాఫ్ట్‌వేరులో కొంత భాగము ఏ వర్తకుడును అమ్మినది కాదు. జీతబత్తెములు లేని స్వచ్ఛంద కార్యకర్తలు వ్రాసి ఉచితముగా నిచ్చినది. అట్లిచ్చినవారికి దానిని ఎల్లకాలము బాగు చేయుచుండవలసిన బాధ్యత ఎంతవఱకు ఉన్నదను ప్రశ్నను శ్రోతల ముందుంచదలచితిమి.

1993లో అమెరికాలో ఇయన్ మర్డాక్ అను విద్యార్థి ఆరంభించిన డెబియన్ వ్యవస్థను చూడుడు. అందు పదుల వేల ప్యాకేజీలున్నవి. ప్రతి ప్యాకేజీకిని ఒక నిర్వాహకుడో, ఒక బృందమో ఉండును. మూలకర్త క్రొత్త కూర్పు వెలువరించినపుడు దానిని తెచ్చుట, తక్కిన ప్యాకేజీలతో పొసగునో లేదో చూచుట, వాడువారి ఫిర్యాదులు విచారించుట వారి పని. పోతన, వేమన అను పేర్లు గల తెలుగు అక్షరరూపములును ఇట్టి ప్యాకేజీలుగనే అందినవి. ఏడాది పొడుగున జాగరూకత వహించినను మెచ్చువారుండరు. ఒకనాడు తప్పినచో తిట్టువారు కొల్లలు. రేడియోలో పని చేయు మాకు ఈ అనుభవము క్రొత్తది కాదు.

ఇక చూడజాలనని తోచిన నిర్వాహకుడు తన ప్యాకేజీని ‘అనాథ’యని ప్రకటించుట డెబియన్‌లో ఆచారము. మఱియొకరు దానిని దత్తత చేసికొనవచ్చును. పేరు కటువుగా నున్నను అందు నిజాయితీ యున్నది. పేరు మాత్రము నిలుపుకొని పని మానుటకంటె ఇది మేలని మా అభిప్రాయము.

అయినను అప్పగింతలోను అపాయము లేకపోలేదు. దస్త్రములను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును చిరకాలము ముఖ్యముగా ఒక్కరే కనిపెట్టుచుండిరి. క్రొత్త కూర్పులు ఆలస్యమగుచున్నవని 2022లో కొందఱు అపరిచితులు ఆయనను పలుమాఱు నిలదీసిరి. ఇది జీతము లేక తీరికవేళ చేయు పనియని ఆయన చెప్పుకొనవలసి వచ్చెను. వినయముగా తోడ్పడుచు వచ్చిన జియా టాన్ అను పేరు గల వ్యక్తికి క్రమముగా అధికారము దక్కెను. 2024 ఫిబ్రవరిలో వెలువడిన కూర్పులో ఆ వ్యక్తి, పరుల యంత్రములలోనికి చొరబడుటకు వీలైన రహస్యద్వారము నొకదానిని దాచెను. తన యంత్రములోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగా పట్టుచున్నదేమని శోధించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, మార్చి 29న ఆ గుట్టును బయటపెట్టెను. డెబియన్ స్థిరమైన విడుదలలోనికి ఆ కూర్పు అప్పటికింకను చేరలేదు. త్వరపెట్టినవారి మాట చెల్లినది. తొందరపడనివారి యంత్రములు దక్కినవి!

అట్లని సవరణలను నిర్లక్ష్యము చేయరాదు. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అను సాఫ్ట్‌వేరులోని లోపమునకు దాని నిర్వాహకులు సవరణ నిచ్చిరి. అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ దానిని సకాలమున అమర్చుకొనలేదు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు దొంగల పాలయ్యెను. ఇందు స్వచ్ఛంద కార్యకర్తల లోపమేమి?

ఈ ప్రసంగమును వ్రాసికొన్న మా యింటి యంత్రము, సవరణలు వచ్చియున్నవని మూడు వారములుగా తెలుపుచున్నది. ‘తరువాత’ అను మీటను నొక్కుచున్నది మేమే.